క్లినిక్‌లో సీబీసీటీ పెట్టాలంటే: ఏం నేర్చుకోవాలి, ఏ అనుమతులు తీసుకోవాలి, ఏ వరసలో?

సీబీసీటీ అంటే కోన్ బీమ్ సీటీ, పళ్లనీ దవడలనీ మూడు తలాల్లో చూపే ఎక్స్‌రే స్కాన్ మిషన్. విజయవాడలో, గుంటూరులో సొంత క్లినిక్ నడుపుతున్న డెంటిస్టులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "సీబీసీటీ బుక్ చేశానండీ, లైసెన్సుకి ఏం చేయాలి?" ఇక్కడ వరస తిరగబడింది. ముందు మనిషి సిద్ధం కావాలి, తర్వాత గది, ఆ తర్వాతే మిషన్. అడ్వాన్సు కట్టాక గోడలు పనికిరావని తెలుసుకున్నవాళ్లున్నారు. గది కట్టించుకున్నాక డీలర్ దగ్గర సరైన కాగితం లేదని తేలినవాళ్లున్నారు. అన్నీ అమరి, మొదటి స్కాన్ తెర మీదికి వచ్చాక అందులో ఏం చూడాలో తెలియక ఆగిపోయినవాళ్లూ ఉన్నారు. అందుకే మొదటినుంచి చివరిదాకా ఒకేచోట రాస్తున్నాను.

ఇది పళ్లు, దవడలు తీసే కోన్ బీమ్ సీటీ గురించి మాత్రమే. ఆసుపత్రిలో పేషెంటును పడుకోబెట్టి తీసే పెద్ద సీటీ లెక్కలు వేరు. పేరులో సీటీ ఉందని హడలిపోయేవాళ్లు కొందరు, ఓపీజీ (పళ్లన్నీ ఒకే ఫిల్ములో వచ్చే ఎక్స్‌రే) లాంటిదేలే అని తేలిగ్గా తీసుకునేవాళ్లు కొందరు. నాకు భయం రెండోవాళ్ల గురించే. 2012లో యూరోపియన్ కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాల్లో డోసు లెక్కలు ఇలా ఉన్నాయి: నోట్లో సెన్సర్ పెట్టి తీసే ఒక్క ఎక్స్‌రేకి 1.5 మైక్రోసీవర్టుల (రేడియేషన్ డోసు కొలిచే యూనిట్) లోపు, ఓపీజీకి 2.7 నుంచి 24.3, పళ్లూ దవడ ఎముక వరకే తీసే సీబీసీటీకి 11 నుంచి 674, ముఖమంతా తీస్తే 30 నుంచి 1073. ఆ 11కీ 674కీ మధ్య తేడాలో కొంత మిషన్‌ది, మిగతాది బటన్ నొక్కేవాళ్లది. శిక్షణ ఎందుకని అడిగేవాళ్లకు నేను ఈ రెండు అంకెలే చూపిస్తాను.

అసలు మీకు సొంత మిషన్ కావాలా?

నెలకి నాలుగైదు ఇంప్లాంట్లు, అప్పుడప్పుడూ ఒక అడ్డంగా ఇరుక్కున్న జ్ఞానదంతం. మీ పని ఇంతే అయితే కొనకండి, బయటికి పంపండి. ఈఎంఐ కట్టాలన్న ఒత్తిడి ఉన్న క్లినిక్‌లో అక్కర్లేని స్కాన్లు పెరుగుతాయి. ఇది మాత్రం మొహమాటం లేకుండా చెబుతున్నాను. మన చుట్టుపక్కల దంత వైద్య కళాశాలలకు కొదవ లేదు. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల, గన్నవరం దగ్గర చినఅవుటపల్లిలో సిద్ధార్థ, గుంటూరు దగ్గర తక్కెళ్లపాడులో సిబార్ ఉన్నాయి. వీటిలో ఓరల్ మెడిసిన్ అండ్ రేడియాలజీ విభాగాలున్నాయి. సందేహం వస్తే అడగడానికి మనుషులున్నారు. ప్రైవేటు స్కాన్ సెంటర్లు ఎటూ ఉన్నాయి.

బయటికి పంపేటప్పుడు చీటీ మీద "సీబీసీటీ" అని ఒక్క మాట రాసి పంపకండి. ఏ పన్ను, ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు, ఎంత మేర తీస్తే చాలు అనే మూడూ రాయండి. "36 స్థానంలో (కింది ఎడమ మొదటి మోలార్) ఇంప్లాంటుకి ఎముక ఎత్తు, నరం కాలువ దూరం కావాలి, 5×5 సెంటీమీటర్లు చాలు" అని రాస్తే అవతలివాళ్లు తల మొత్తం తీసి పంపరు.

కావాల్సిందే అనుకుంటే ముందుకు రండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ (రెన్యూవల్ అయిందో లేదో చూసుకోండి), డిగ్రీ సర్టిఫికెట్లు
- క్లినిక్‌కి డీఎంహెచ్‌ఓ ఆఫీసు నుంచి తీసుకున్న రిజిస్ట్రేషన్
- క్లినిక్ పేరు మీద, లేదా యజమాని పేరు మీద పాన్
- సొంత స్థలమైతే పత్రాలు, అద్దె అయితే అగ్రిమెంటు, కరెంటు బిల్లు
- గది ప్లాను, కొలతలతో
- మీరు తప్ప ఇంకెవరూ వాడని ఒక ఈమెయిల్, ఒక ఫోన్ నంబర్
- మిషన్ నడిపే ప్రతి ఒక్కరి విద్యార్హత పత్రాలు

ఈమెయిల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. డీలర్ కుర్రాడు తన ఈమెయిల్ పెట్టి రిజిస్టర్ చేసేస్తానంటాడు. ఒప్పుకోకండి. ఐదేళ్ల తర్వాత రెన్యూవల్ నోటీసు ఆ ఈమెయిల్‌కే వెళ్తుంది. అప్పటికి ఆ కుర్రాడు ఏ కంపెనీలో ఉంటాడో ఎవరికి తెలుసు.

1. ముందు మీరు నేర్చుకోండి

బీడీఎస్‌లో రేడియాలజీ చదివాం కదా అంటారు. చదివాం, కానీ అక్కడ చేయి తిరిగింది ఐఓపీఏ (నోట్లో పెట్టి తీసే చిన్న ఎక్స్‌రే) మీద, ఓపీజీ మీద. మూడు తలాల్లో ముక్కలు ముక్కలుగా కనిపించే దవడను చదవడం వేరే పని. యూరప్‌లో దీన్ని రెండు మెట్లుగా విడదీశారు. స్కాన్‌కి పంపే డాక్టరుకు ఒక స్థాయి శిక్షణ, స్కాన్ తీసి రిపోర్టు రాసే డాక్టరుకు అంతకంటే లోతైన శిక్షణ. మీరు మిషన్ కొంటున్నారంటే రెండో మెట్టు మీదే.

కోర్సు ఎంచుకునేటప్పుడు అందులో ఈ నాలుగూ ఉన్నాయో లేదో చూడండి. ఎప్పుడు తీయకూడదో తెలియడం, పేషెంటును బట్టి కేవీ, ఎంఏ (కిరణాల శక్తి, మోతాదు), ఎఫ్‌ఓవీ (స్కాన్ తీసే మేర), వాక్సెల్ (బొమ్మలోని అతిచిన్న ఘనం) మార్చడం, పేషెంటును కదలకుండా నిలబెట్టడం, వాల్యూమ్ మొత్తం చదివి రిపోర్టు రాయడం. నాలుగోది లేని కోర్సుకి డబ్బు కట్టకండి. మిషన్ బిగించిన రోజు కంపెనీ మనిషి వచ్చి రెండు గంటలు చూపించేది సాఫ్ట్‌వేర్ వాడకం. అది కూడా కావాలి, కానీ అది రేడియాలజీ శిక్షణ కాదు. ఆ సర్టిఫికెట్ గోడకి తగిలించి సరిపెట్టుకోవద్దు.

చేయి తిరిగిందో లేదో తెలుసుకోవడానికి ఒక మార్గం ఉంది. ఓరల్ రేడియాలజిస్టు ఇప్పటికే రిపోర్టు రాసిన పాత స్కాన్లు, పేర్లు తీసేసినవి, కొన్ని సంపాదించండి. రిపోర్టు చూడకుండా మీరు రాయండి. తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. ముఖ్యంగా ఇవి దొరికాయా?

- కింది దవడలో నరం పోయే కాలువ మొదటినుంచి చివరిదాకా, మెంటల్ ఫొరామెన్ (గడ్డం పక్కన నరం బయటికొచ్చే రంధ్రం) దగ్గర అది ముందుకు వంగి వెనక్కి తిరిగే మలుపుతో సహా
- కింది మోలార్ల దగ్గర నాలుక వైపు ఎముక లోపలికి పోయిన గుంట
- పై మొదటి మోలార్‌లో నాలుగో వేరు కాలువ (రూట్ కెనాల్)
- సైనస్‌లో అడ్డు గోడలు, పొర మందం
- స్కాన్ అంచుల్లో ఉన్నవి: వాయునాళం, మెడ వైపు సున్నపు మచ్చలు

చివరిదాన్నే చాలామంది వదిలేస్తారు. ఇంప్లాంటు స్థానం కొలిచి ఫైలు మూసేస్తారు. స్కాన్‌లో పడిన ప్రతిదానికీ తీసినవాళ్లదే బాధ్యత, ఎఫ్‌ఓవీ చిన్నదిగా పెట్టుకోవడానికి అదీ ఒక కారణం. యూరోపియన్ మార్గదర్శకం ప్రకారం 8×8 సెంటీమీటర్లు, అంతకంటే చిన్న దంత స్కాన్లను తగిన శిక్షణ ఉన్న మామూలు డెంటిస్టు రిపోర్టు చేయొచ్చు. అంతకు మించి ముఖం, కపాలం వైపు పోతే రేడియాలజిస్టే చదవాలి. మన దగ్గర కూడా ఈ గీత దాటొద్దని నా సలహా. పెద్ద స్కాన్లు రిపోర్టు చేయడానికి ఎండీఎస్ ఓరల్ రేడియాలజిస్టుతో ముందే మాట్లాడుకోండి. ఆన్‌లైన్లో ఫైలు పంపినా చాలు.

స్కాన్ బొమ్మ చేసే రెండు మోసాలు మాత్రం మొదటిరోజే గుర్తుపెట్టుకోండి. గట్టాపర్చా (రూట్ కెనాల్లో నింపే పదార్థం), మెటల్ పోస్టు, క్రౌన్ల పక్కన నల్లటి గీతలు పడతాయి. వాటిని వేరు పగులు అనుకుని పన్ను పీకేసినవాళ్లున్నారు. రెండోది, తెర మీద కనిపించే సాంద్రత అంకెలు. సీబీసీటీలో అవి పెద్ద సీటీలో ఉన్నంత నమ్మదగ్గవి కావు. ఎముక గట్టిదనాన్ని ఆ అంకె చూసి తేల్చేయకండి.

2. ఎవరి బాధ్యత ఏమిటో రాసిపెట్టుకోండి

మన దేశంలో ఎక్స్‌రే పరికరాల మీద అధికారం ఏఈఆర్‌బీది, అంటే 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలిది. 2004లో వచ్చిన రేడియేషన్ రక్షణ నిబంధనల్లో యజమాని, లైసెన్సీ, రేడియోలాజికల్ సేఫ్టీ ఆఫీసర్, వర్కర్ అని నాలుగు పాత్రలున్నాయి. చిన్న క్లినిక్‌లో రెండు మూడు పాత్రలు ఒకరి మీదే పడతాయి. పడనివ్వండి, కానీ ఏది ఎవరిదో కాగితం మీద ఉండాలి. సేఫ్టీ ఆఫీసర్‌గా ఎవరిని పెట్టినా వారి అర్హత, నామినేషన్ ఏఈఆర్‌బీ ఆమోదం పొందాలి. తెలిసిన రేడియోగ్రాఫర్ పేరు రాసేసుకుని, ఆయనకి చెప్పకుండా వదిలేసిన క్లినిక్‌లున్నాయి. అలా చేయకండి.

బటన్ నొక్కేది డెంటిస్టు, లేదా అర్హత ఉన్న రేడియోగ్రాఫర్. రిసెప్షన్‌లో ఉండే అమ్మాయికి "ఈ పచ్చ బటన్ నొక్కు చాలు" అని నేర్పడం నేరుగా తప్పు. ఆ అమ్మాయి ఆరోగ్యానికి జవాబు చెప్పాల్సింది మీరే.

3. గది

బ్రాడీపేటలో గానీ సూర్యారావుపేటలో గానీ క్లినిక్‌లు ఎక్కువగా అద్దె మేడల్లోనే ఉంటాయి. కాబట్టి గది చూసేటప్పుడు నాలుగు గోడలతో ఆగకండి. కింద ఎవరుంటారు, పైన ఎవరుంటారు, గోడ అవతల ఏముంది? ఓనర్ వంటిల్లా, ట్యూషన్ గదా, మీ సొంత వెయిటింగ్ హాలా? ఎవరైనా రోజంతా కూర్చునే చోటు పక్కన ఉంటే మిషన్‌ను ఎదుటి గోడ వైపు జరపండి. దూరం రెట్టింపైతే చెదిరే కిరణాల తీవ్రత నాలుగో వంతుకి పడిపోతుంది. ఖర్చులేని రక్షణ ఇదొక్కటే.

గోడ సాధారణంగా తొమ్మిది అంగుళాల ఇటుక గోడ అయితే నిశ్చింత. మన అద్దె మేడల్లో మధ్య గోడలు నాలుగున్నర అంగుళాలవి ఉంటాయి, కొన్నిచోట్ల జిప్సం బోర్డో ప్లైవుడ్డో. అలాంటప్పుడు లెడ్ (సీసం) షీటు వేయించాలి. ఎంత మందం అన్నది మిషన్ కేవీ, వారానికి తీసే స్కాన్లు, గోడ అవతల ఎవరుంటారు అన్నవాటిని బట్టి లెక్క వేయించండి. వడ్రంగి అంచనా మీద వదలకండి. తలుపుకి లెడ్ వేసి, తలుపుకీ చౌకట్టుకీ మధ్య సందు వదిలేస్తే ఆ ఖర్చంతా వృథా. చౌకట్టు మీదికి కూడా లెడ్ వచ్చేలా చేయించండి.

ఆపరేటర్ గది బయటో, లెడ్ గ్లాసు ఉన్న అడ్డుగోడ వెనకో నిలబడాలి. అక్కడినుంచి పేషెంటు ముఖం కనిపించాలి, మాట వినిపించాలి. కదిలితే వెంటనే ఆపాలి కదా.

కరెంటు, ఏసీ, నీళ్లు. మే నెలలో మన ఎండ సంగతి తెలిసిందే. మిషన్ మాన్యువల్లో రాసిన ఉష్ణోగ్రత, తేమ పరిమితులు చూసి ఏసీ పెట్టండి. స్కాన్ మధ్యలో కరెంటు పోతే పేషెంటుకి డోసు పడి బొమ్మ రాదు. కాబట్టి మిషన్‌కీ కంప్యూటర్‌కీ సరిపడా యూపీఎస్ ఉండాలి. మీ మీటరు లోడు సరిపోతుందో లేదో డిస్కం ఆఫీసులో ముందే అడగండి. ఇక సెల్లారులో, లోతట్టు గ్రౌండ్ ఫ్లోరులో మిషన్ పెట్టే ఆలోచన ఉంటే 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ ఎలా ఉందో ఒక్కసారి గుర్తుచేసుకోండి.

4. ఈలోరాలో నమోదు

అనుమతులన్నీ ఏఈఆర్‌బీ ఆన్‌లైన్ వ్యవస్థ ఈలోరా ద్వారానే. ఏఈఆర్‌బీ వెబ్‌సైట్‌లోని లింకు నుంచే వెళ్లండి. మొదట సంస్థ నమోదు, తర్వాత అక్కడ పనిచేసే అర్హులైన వ్యక్తుల నమోదు, ఆ తర్వాత మిషన్ దరఖాస్తులు. మీ మిషన్ రకం ఎంచుకున్నాక తెర మీద ఏ దరఖాస్తులు ఏ వరసలో అడిగితే ఆ వరసనే పాటించండి. పక్క క్లినిక్‌లో ఐఓపీఏ మిషన్‌కి అయినట్టే మీకూ అవుతుందనుకోవద్దు.

దరఖాస్తులు వెనక్కి రావడానికి మన ప్రాంతంలో తరచూ కనిపించే కారణం చిరునామా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, గన్నవరం కృష్ణాలో ఉండిపోయింది, నరసరావుపేట పల్నాడుకి పోయింది. పాత రిజిస్ట్రేషన్ మీద కృష్ణా జిల్లా అని, కొత్త అగ్రిమెంటు మీద ఎన్టీఆర్ జిల్లా అని ఉంటుంది. క్లినిక్ పేరు కూడా బోర్డు మీద ఒకలా, పాన్ మీద ఒకలా. దరఖాస్తు మొదలుపెట్టకముందే అన్ని కాగితాల్లో పేరు, చిరునామా అక్షరం తేడా లేకుండా ఒకేలా చేయించుకోండి. వారం పడుతుంది, కానీ తర్వాత నెలలు మిగులుతాయి.

మధ్యలో మనిషి లేకుండా పని అవదనే మాట నమ్మకండి. ఫారాలు మీరే నింపగలరు. సాయం తీసుకున్నా పాస్‌వర్డు మాత్రం మీ దగ్గరే ఉండాలి.

5. ఇప్పుడు మిషన్

కొటేషన్ తీసుకునేటప్పుడే డీలర్‌ను ఈ కాగితాలు అడగండి.

- ఆ మోడల్‌కి ఏఈఆర్‌బీ టైప్ అప్రూవల్ (ఆ మోడల్‌కి ఇచ్చే ఆమోదం). మోడల్ పేరు అక్షరం, అంకె తేడా లేకుండా సరిపోవాలి.
- వైద్య పరికరాల నిబంధనల కింద లైసెన్సు. విదేశీ మిషన్ అయితే ఎండీ-15 ఫారంలో ఇచ్చే దిగుమతి లైసెన్సు.
- ట్యూబు సీరియల్ నంబరు ఇన్వాయిస్ మీద విడిగా రాస్తామన్న హామీ
- నాణ్యత పరీక్షకి మిషన్‌తో పాటు వచ్చే ఫాంటమ్ (పేషెంటు స్థానంలో పెట్టి తీసే నమూనా)

మిషన్‌లో చూడాల్సినవి చాలా ఉన్నా నేను మొదట అడిగేది ఒక్కటే: ఎఫ్‌ఓవీ ఎంత చిన్నదిగా చేయగలం? ఒక్క పన్ను కోసం 5×5 కి తగ్గించలేని మిషన్ మామూలు డెంటల్ క్లినిక్‌కి వద్దు. సేల్స్ వాళ్లు పెద్ద ఎఫ్‌ఓవీని గొప్పగా చూపిస్తారు. ఇంప్లాంట్లు, రూట్ కెనాల్ చేసే క్లినిక్‌కి దాని అవసరం అరుదు. వాక్సెల్ కూడా అంతే. 0.075 మిల్లీమీటర్లు అని ఊరిస్తారు. ఇంప్లాంటు ప్లానింగుకి 0.2 నుంచి 0.3 సరిపోతుంది. సన్న వాక్సెల్ ఎండో (రూట్ కెనాల్) కేసులకు దాచుకోండి, ఎందుకంటే చాలా మిషన్లలో దానితో డోసూ పెరుగుతుంది.

సెకండ్ హ్యాండ్ చవగ్గా వస్తుంది. కానీ పాత యజమాని తన ఈలోరా ఖాతాలో ఆ మిషన్‌ను పద్ధతిగా బదిలీ చేయకపోతే మీ పేరు మీదికి రాదు. మిషన్ మీ గదిలో, కాగితాల్లో వేరేవాళ్ల ఊళ్లో. బదిలీ పూర్తయ్యాకే డబ్బు ఇవ్వండి.

6. బిగించాక పరీక్ష

మిషన్ బిగించాక ఏఈఆర్‌బీ గుర్తించిన ఏజెన్సీతో క్వాలిటీ అష్యూరెన్స్ (క్యూఏ) పరీక్ష, గది చుట్టూ రేడియేషన్ సర్వే చేయించాలి. ఏజెన్సీ మనిషి వచ్చినప్పుడు మీరు పక్కనే ఉండండి. రిపోర్టులో ఏముందో మీరే చదవగలగాలి. సర్వే పట్టికలో చివరి గడి, అంటే ఆ చోట వారానికి ఎంత పడుతుందన్న అంకె, ఎలా వచ్చిందో ఇక్కడ చెబుతాను.

రేడియేషన్ పనివాళ్లకు పరిమితి ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, అంటే వారానికి సుమారు 40 మిల్లీరాంట్‌జెన్ (సర్వే రీడింగులు రాసే యూనిట్). మామూలు జనానికి ఏడాదికి 1 మిల్లీసీవర్టు, అంటే వారానికి 2 మిల్లీరాంట్‌జెన్. వెయిటింగ్ హాలు, కింది వాటా, పక్కిల్లు అన్నీ ఈ రెండో లెక్కలోకి వస్తాయి.

లెక్క ఇలా చేయాలి: వారానికి మీ పనిభారాన్ని మిల్లీయాంపు–నిమిషాల్లో తీసుకోండి. దాన్ని ఆ చోట గంటకు వచ్చిన గరిష్ఠ రీడింగుతో గుణించండి. వచ్చినదాన్ని 60తో, కొలిచేటప్పుడు పెట్టిన మిల్లీయాంపులతో భాగించండి.

ఒక ఉదాహరణ చూద్దాం. స్కాన్‌కి 8 మిల్లీయాంపులు, 15 సెకన్లు. అంటే 2 మిల్లీయాంపు–నిమిషాలు. వారానికి 30 స్కాన్లయితే 60. తలుపు దగ్గర రీడింగు గంటకు 1.6 మిల్లీరాంట్‌జెన్ అనుకుందాం. 60ని 1.6తో గుణిస్తే 96. దాన్ని 480తో (60×8) భాగిస్తే వారానికి 0.2. పరిమితి 2 కాబట్టి నిశ్చింత. అదే చోట రీడింగు 20 వచ్చిందనుకోండి, వారానికి 2.5 అవుతుంది. తలుపుకి లెడ్ పని మళ్లీ చేయించాల్సిందే.

పరీక్ష జరిగేటప్పుడు గమనించాల్సినవి: కిరణాలు చెదరడానికి పేషెంటు స్థానంలో ఫాంటమో నీళ్ల డబ్బానో పెట్టారా? ఖాళీ మిషన్ మీద కొలిస్తే అంకెలు తక్కువ వస్తాయి. పైఅంతస్తు, కిందంతస్తు కొలిచారా? చౌకట్టు సందుల దగ్గర మీటరు పెట్టారా? మీరు వాడబోయే గరిష్ఠ కేవీ పెట్టారా? స్కాన్ కొద్ది సెకన్లదే కాబట్టి మీటరు ముల్లు కుదురుకునేలోపే అయిపోవచ్చు. మొత్తాన్ని కూడబెట్టి చూపే మోడ్‌లో కొలవమని అడగండి.

రిపోర్టు చేతికొచ్చాక మోడల్ పేరు, ట్యూబు సీరియల్ నంబరు, తేదీ, ఏజెన్సీ అనుమతి గడువు మీ ఇన్వాయిస్‌తో సరిచూసుకోండి. ఒక్క అంకె తేడా ఉన్నా తిప్పి పంపండి.

7. ఆపరేషన్ అనుమతి వచ్చేదాకా ఆగండి

క్యూఏ రిపోర్టు ఈలోరాలో పెట్టి ఆపరేషన్ అనుమతికి దరఖాస్తు చేయాలి. అది చేతికి రాకముందు పేషెంటుకి స్కాన్ తీయకూడదు. ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టేశాం, అతిథులు వస్తున్నారు, ఒక్కటి తీస్తే ఏం పోతుంది అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: రిబ్బన్ కత్తిరించండి, ఫొటోలు దిగండి, బటన్ జోలికి పోకండి. ఆ రోజు సిబ్బందిని కూర్చోబెట్టి "డెమో స్కాన్" తీయడం ఇంకా పెద్ద తప్పు. వైద్య అవసరం లేకుండా ఎవరి మీదా ఎక్స్‌రే వేయకూడదు.

అనుమతి పత్రం వచ్చాక చిరునామా, మోడల్, సీరియల్ నంబరు, గడువు తేదీ చదివి, ప్రింటు తీసి గది బయట పెట్టండి. మామూలుగా గడువు ఐదేళ్లు. రెన్యూవల్ తేదీకి ఆరు నెలల ముందే ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

8. తలుపు, బోర్డు, బ్యాడ్జి

తలుపు మీద రేడియేషన్ గుర్తు, స్కాన్ జరిగేటప్పుడు వెలిగే ఎర్ర లైటు. "గర్భవతి అయినా, అనుమానం ఉన్నా ముందే చెప్పండి" అని తెలుగులో, పెద్ద అక్షరాల్లో బోర్డు. ఇంగ్లీషు బోర్డు మన పేషెంట్లలో సగం మంది చదవరు. బోర్డు పెట్టాం కదా అని నోటితో అడగడం మానకండి. అత్తగారు పక్కన కూర్చున్నప్పుడు కొత్త కోడలు చెప్పకపోవచ్చు, లోపలికి పిలిచి ఒంటరిగా అడగండి.

టీఎల్‌డీ బ్యాడ్జి (సిబ్బందికి పడిన డోసు కొలిచేది) ఛాతీ దగ్గర పెట్టుకోవాలి. లెడ్ ఏప్రాన్ వేసుకుంటే దాని లోపల. మూడు నెలలకోసారి గుర్తింపు ఉన్న ల్యాబుకి పంపాలి. ఒకరి బ్యాడ్జి ఒకరు పెట్టుకోవద్దు. సాయంత్రం స్కాన్ గదిలోనే కొక్కేనికి తగిలించి వెళ్లొద్దు. మనిషికి పడని డోసు బ్యాడ్జికి పడుతుంది, తర్వాత వివరణలు ఇచ్చుకోవాలి. సిబ్బందిలో ఎవరైనా గర్భం దాల్చినట్టు చెబితే కడుపులో బిడ్డకు మిగిలిన నెలలన్నిటికీ కలిపి 1 మిల్లీసీవర్టు దాటకూడదు. ఆమెను ఆ గది పని నుంచి తప్పించడం తేలిక, జీతం తగ్గించకుండా.

పేషెంటుకి థైరాయిడ్ కాలర్ (మెడకి కట్టే లెడ్ పట్టీ) వేయాలా అని అడుగుతారు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024లో పేషెంట్లకు ఏప్రాన్లు, కాలర్లు అవసరం లేదని చెప్పింది. సీబీసీటీలో కాలర్ బీమ్‌కి అడ్డొస్తే బొమ్మ పాడై మళ్లీ తీయాల్సి వస్తుంది. ఎఫ్‌ఓవీ చిన్నది చేయడమే అసలు రక్షణ. ఏప్రాన్లు మాత్రం క్లినిక్‌లో ఉంచండి, పిల్లవాణ్ని పట్టుకోవాల్సి వచ్చిన తల్లికో తండ్రికో వేయడానికి. వాటిని మడతపెడితే లోపల లెడ్ పగులుతుంది, హ్యాంగరుకి వేలాడదీయండి.

9. ప్రతి స్కాన్‌కీ పాటించాల్సింది

నోరు చూడకుండా స్కాన్ లేదు. ముందు పరీక్ష, మామూలు ఎక్స్‌రే. దానితో తేలకపోతేనే సీబీసీటీ. పాత స్కాన్ ఉందేమో అడగండి. మన పేషెంట్లు గుంటూరులో ఒకచోట, విజయవాడలో ఒకచోట చూపించుకుంటారు. సంచిలో సీడీ ఉంటుంది, అడిగితేనే తీస్తారు.

కమ్మలు, ముక్కుపుడక, జడపిన్నులు, తీసి పెట్టుకునే పళ్లసెట్టు అన్నీ తీయించండి. ముక్కుపుడక తీయడానికి పెద్దవాళ్లు ఇష్టపడరు, ఎందుకో ఓపికగా చెప్పండి. గడ్డం ఆనించి, నుదుటి పట్టీ బిగించి, ఒకసారి కిరణాలు లేకుండా తిప్పి చూపించండి. మిషన్ తల చుట్టూ తిరుగుతుంటే చూపు దానివెంట పోతుంది, తలా పోతుంది. కళ్లు మూసుకోమనండి, గుటక వేయొద్దనండి. పిల్లలకు పెద్దవాళ్ల సెట్టింగు వాడకండి.

తీసిన కారణం, సెట్టింగులు, ఎఫ్‌ఓవీ, మిషన్ చూపిన డోసు అంకె రిజిస్టర్లో రాయండి. రిపోర్టు రాయని స్కాన్ ఒక్కటి కూడా ఉండకూడదు.

బొమ్మ సరిగ్గా వచ్చిందా?

ఎముక అంచులు రెండు గీతలుగా కనిపిస్తే పేషెంటు కదిలాడు. గుండ్రంగా వలయాలు కనిపిస్తే డిటెక్టర్ క్యాలిబ్రేషన్ తప్పింది, కంపెనీకి ఫోన్ చేయండి. కావాల్సిన చోటు అంచున తెగిపోతే పొజిషన్ తప్పు. మళ్లీ తీసిన ప్రతి స్కాన్‌నీ కారణంతో సహా విడిగా రాసుకోండి. నెలాఖరున ఆ కాగితం చూస్తే తప్పు ఎవరి చేతిలో జరుగుతోందో తెలుస్తుంది.

ఫాంటమ్‌ను కంపెనీ చెప్పిన గడువుల్లో తీసి, మొదటిరోజు బొమ్మతో పోల్చండి. కొలతలు నిజమేనా అని చూడటానికి తెలిసిన పొడవున్న వస్తువును, ఫాంటమ్‌లో గుర్తులుంటే వాటినే, తెర మీద కొలవండి. కాలువకి రెండు మిల్లీమీటర్ల దూరం వదిలి ఇంప్లాంటు వేసేవాళ్లకు అర మిల్లీమీటరు తేడా చిన్నదేం కాదు.

తర్వాత కూడా చేయాల్సినవి

క్యూఏ పరీక్ష రెండేళ్లకోసారి. ట్యూబు మార్చినా, రేడియేషన్‌తో సంబంధం ఉన్న రిపేరు ఏది చేసినా వెంటనే మళ్లీ. అనుమతి షరతుల్లో అడిగిన నివేదికలు గడువులోపు ఈలోరాలో పెట్టండి. ఆపరేటర్ మారితే పాత పేరు తీసి కొత్త పేరు చేర్చండి.

ఓనర్ ఖాళీ చేయమంటే? అనుమతి మిషన్‌కి ఎంతో ఆ చిరునామాకీ అంతే. అరండల్‌పేట నుంచి లక్ష్మీపురానికి మార్చినా గది ప్లాను, సర్వే, అనుమతి కొత్తగా కావాలి. అద్దె అగ్రిమెంటు రాసుకునేటప్పుడే ఖాళీ చేయడానికి కనీసం ఆరు నెలల గడువు అడిగి రాయించుకోండి. మిషన్ అమ్మినా, పాడైపోయి పక్కన పెట్టినా పాత సామాను వాళ్లకు ఇచ్చేయకండి. ముందు ఈలోరాలో డీకమిషనింగ్ (మిషన్ వాడకం ముగించే ప్రక్రియ) పూర్తి చేసి, ట్యూబు మళ్లీ వాడటానికి వీల్లేకుండా చేయించి, ఆ కాగితం ఫైల్లో పెట్టుకున్నాకే మిషన్‌ను గది దాటించండి.